పైలట్ ట్రాక్

మా స్కూల్లో రెండో అంతస్తు బీరువాలో ఒక హార్డ్ డిస్క్ ఉంది. అందులో ఏడు నిమిషాల సినిమా ఒకటి ఉంది. జాలరిపేటలో చేపలు అమ్ముకునే ఒక పెద్దావిడ ఆ ఏడు నిమిషాలూ మాట్లాడుతూనే ఉంటుంది. పెదాలు ఆవిడవి, గొంతు వేరే అమ్మాయిది. ఆవిడ గొంతు ఇప్పుడు ఎక్కడా లేదు, ఆవిడ దగ్గర కూడా లేదు. దాన్ని తుడిచేసిన రోజు నేను ఆ గదిలోనే ఉన్నాను. తుడిచెయ్యమన్నదీ నేనే. ఈ సంగతి చివరికి దాచిపెట్టి, ముందు మిగతాదంతా తీరిగ్గా చెబితే నన్ను నేను కాపాడుకున్నట్టు ఉంటుంది. అందుకే మొదటే చెప్పేస్తున్నాను.

నేను ఇంగ్లిష్ టీచర్ని. పదకొండు, పన్నెండు తరగతులకు ఫిల్మ్ స్టడీస్ పెట్టాలని మా మేనేజ్‌మెంట్‌కి బుద్ధి పుట్టిన ఏడాది, స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాల్ గారు మీలో సినిమాలు బాగా చూసేది ఎవరని అడిగారు. అందరూ నావైపు తిరిగారు. కొత్త సినిమా వచ్చిన శుక్రవారం నాకు తలనొప్పి వస్తుందని ఆ స్కూల్లో తెలియనివాళ్ళు లేరు. నా అర్హత అంతే. హైదరాబాదులో మూడు రోజుల శిక్షణకు పంపించి, తిరిగొచ్చాక ఒక ప్రొజెక్టరూ, ఒక కెమెరా, ఒక పాత కంప్యూటరూ చేతిలో పెట్టారు.

ఆ మూడు రోజుల్లో నాకు బాగా గుర్తుండిపోయింది ఒక మాట. రిటైరైన సౌండ్ ఇంజనీరు ఒకాయన చెప్పారు. మన సినిమాల్లో షూటింగు జరిగేటప్పుడు రికార్డయ్యే మాటలు తెర మీదికి రావు, అవి తరవాత డబ్బింగ్ చెప్పేవాళ్ళకు దారి చూపించడానికే, దాన్ని పైలట్ ట్రాక్ అంటారు, డబ్బింగ్ అయిపోయాక దాంతో పనుండదు అన్నారు. లోపలివాళ్ళకు మాత్రమే తెలిసిన మాట నాకూ తెలిసిందని మురిసిపోయాను. వైజాగ్ రాగానే మొదటి వారంలోనే బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి, కింద గీత కూడా గీశాను.

క్లాసులో తొమ్మిది మంది. స్టీల్ ప్లాంట్ ఆఫీసర్ల పిల్లలు, పోర్టువాళ్ళ పిల్లలు, పరవాడ మందుల కంపెనీల్లో మేనేజర్ల పిల్లలు. ఒకరోజు వేరే దేశపు సినిమా ఒకటి చూపించాను. మాటలు ఎక్కడ మాట్లాడితే అక్కడే రికార్డు చేసిన సినిమా. గిన్నెల చప్పుడు, వీధిలో కుక్క, వాటి మధ్య సగం వినపడీ వినపడని మాటలు. నేను మైమరచి చూస్తుంటే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి జాలిగా, దీనికి ఇంకా డబ్బింగ్ అవ్వలేదా మేడం అని అడిగింది. నేను పగలబడి నవ్వాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ పిల్ల అన్నదాంట్లో నవ్వడానికి ఏమీ లేదు. పుట్టినప్పటి నుంచీ వాళ్ళు చూసిన సినిమాల్లో హీరోయిన్‌కి మొహం ఒకరిది, గొంతు ఇంకొకరిది. సముద్రం ఒడ్డున నిలబడి ప్రేమ సంగతి చెప్పినా గాలి హోరు వినపడదు. సినిమా అంటే అలాగే ఉంటుందని వాళ్ళ చెవులు ఎప్పుడో నేర్చేసుకున్నాయి.

ఆ తొమ్మిది మందిలో ఒకమ్మాయిది జాలరిపేట. పదో తరగతి మార్కులు చూసి మా స్కూలు సీటిచ్చింది. తండ్రి పడవ మీద పోతాడు, తల్లి ఎప్పుడో పోయింది, పెంచినదంతా అమ్మమ్మే. ఆ పిల్ల స్కూల్లో మాట్లాడే తెలుగు ఇస్త్రీ చేసినట్టు ఉండేది. ఎక్కడా మడత పడదు, ఎక్కడా యాస పలకదు. అది చూస్తే నాకు చిరాకూ వేసేది, జాలీ వేసేది. ఎందుకంటే నేనూ అదే పని చేసినదాన్ని. కూర్మన్నపాలెంలో పెరిగాను. ఇంట్లో అందరం నేను అనకుండా నాను అనేవాళ్ళమే. కాలేజీ హాస్టల్లో ఒకమ్మాయి నా చేత ఆ మాట పదిసార్లు చెప్పించుకుని నవ్వితే, నెల తిరక్కుండా నేను నేనైపోయాను.

పరీక్ష కోసం ఒక్కొక్కరూ ఒక చిన్న సినిమా తియ్యాలి. ఒకడు హత్య అన్నాడు, ఒకతె దెయ్యం అంది, ఇద్దరు చదువుల ఒత్తిడి అన్నారు. జాలరిపేట అమ్మాయి మా అమ్మమ్మ అంది.

అమ్మమ్మను నేను అప్పటికే విన్నాను, చూడలేదు. మా వీధిలో పొద్దున్నే చేపల కేక వినపడేది. మూడో అంతస్తులో కిటికీలన్నీ మూసుకున్నా ఆ కేక లోపలికి వచ్చేసేది. గరుకుగా, కొంచెం దబాయింపుగా ఉండేది, కొనకపోతే తప్పు మనదే అన్నట్టు. ఆ గొంతు ఈ అమ్మాయి అమ్మమ్మదని తెలిసి నాకు భలే సంబరమేసింది. స్కూలు కెమెరా ఇచ్చి పంపించాను.

నాలుగు ఆదివారాలు షూటింగు చేసి పట్టుకొచ్చింది. ఆ పిల్ల తీసినదంతా ఒక సాయంత్రం కూర్చుని విన్నాను. అమ్మమ్మ ఇసుకలో గంప పక్కన కూర్చుని చుట్ట తాగుతూ మాట్లాడుతుంది. అడ్డపొగ. అంటే నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుని పెదాలు మూసి తాగడం. ఈ తీరంలో పెద్దవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళకు ఉన్న అలవాటే. మనవరాలు కెమెరా వెనక నుంచి, ఎందుకలా తాగుతావని అడిగింది. ఆవిడ చుట్ట తియ్యకుండానే జవాబు చెప్పింది.

"ఒడ్డున గాలి ఉంటాది కదేటి. బయటెట్టుకుంటే ఆరిపోద్ది, బూడిద సేపల మీద పడద్ది. లోపలెట్టుకుంటే నిప్పు నాది, గాలి దానిది. నాను దాని జోలికెల్లను, అది నా జోలికి రాదు."

ఆ మాట మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. చుట్ట పక్కనుంచి వచ్చే ఆ మాటల్లో పొగా ఉంది, దగ్గూ ఉంది, వెనక కెరటాల హోరూ ఉంది, ఎవరో ఎవర్నో తిట్టడమూ ఉంది. ఇన్నాళ్ళూ క్లాసులో నేను గొంతు చించుకుని చెప్పిందంతా అందులో ఉందనిపించింది. మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి, ఒక్క ముక్క కూడా మార్చకు అన్నాను. అది చెప్పడమూ తప్పేనట. మా పరీక్షల బోర్డు నియమాల్లో, సినిమాలో ఏముండాలన్న నిర్ణయం విద్యార్థిదే, టీచరు ప్రశ్నలు వెయ్యవచ్చు గానీ జవాబులు చెప్పకూడదు అని స్పష్టంగా రాసి ఉంది.

తరవాత వారం అందరి సినిమాలూ క్లాసులో వేశాం. అమ్మమ్మ తెర మీదికి వచ్చి నాను అనగానే క్లాసు నవ్వింది. చెడ్డ పిల్లలు కారు, ఎగతాళీ కాదు. తెర మీద ఆ యాస వినపడితే అది నవ్వించే పాత్రేనని అలవాటైపోయిన చెవులు, వాటంతటవే నవ్వేశాయి. ఏటి అన్నప్పుడు ఇంకొంచెం నవ్వారు. నేను దీపాలు వేయించి అరగంట కోప్పడ్డాను. యాసల గురించి, గౌరవం గురించి, మన సినిమాలు ఏ యాసను ఎవరి నోట్లో పెట్టాయన్నదాని గురించి. తలలు దించుకుని విన్నారు. నా కోపంలో సగం ఆ హాస్టల్ పిల్ల మీదిదని వాళ్ళకేం తెలుసు.

రెండో రోజు ఆ అమ్మాయి వచ్చి డబ్బింగ్ చెప్పిస్తానంది. మా క్లాసులోనే పోర్టు ఆఫీసరు కూతురొకతె ఉంది, వక్తృత్వంలో ఎప్పుడూ ఫస్టే, గంట మోగినట్టు ఉంటుంది గొంతు. ఆ పిల్ల అమ్మమ్మకు గొంతిస్తుందట. సిగ్గుపడుతున్నావా అని అడిగాను. అలా అడిగినందుకు దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సిగ్గెందుకు మేడం? పెద్ద పెద్ద హీరోయిన్లకందరికీ మంచి గొంతున్నవాళ్ళు చెప్తారు. మా అమ్మమ్మకు మాత్రం ఎందుకుండకూడదు? ఊరికే తీసేసినట్టు ఉంది మేడం ఇది. సినిమాలా లేదు."

నేను యాసకు జరిగిన అవమానం గురించి ఆలోచిస్తున్నాను, ఆ పిల్ల అమ్మమ్మకు పట్టుచీర కట్టాలని చూస్తోంది. అది పట్టుచీర కాదని చెప్పడానికి నా దగ్గర మాటలున్నాయి, కానీ అవన్నీ నావి, దానివి కావు. నియమాలు కూడా జవాబు చెప్పొద్దంటున్నాయి. నిజం చెప్పాలంటే ఆరోజు ఆ నియమం నాకు మంచి సాకైంది. నీ ఇష్టం, నీ సినిమా అన్నాను.

సంగీతం గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి డబ్బింగ్ మొదలుపెట్టారు. మాటలన్నీ మంచి తెలుగులోకి రాసుకున్నారు. లోపలెట్టుకుంటే అన్నది లోపల పెట్టుకుంటే అయింది, నాను నేనైంది. చుట్ట నోట్లో లేని చోట, ప అనాలంటే పెదాలు కలవాలి, అమ్మమ్మ అక్కడ ఎ అని నోరు తెరిచి ఉంటుంది, అక్కడ ఏం మాట వెయ్యాలని గంటలు గంటలు తన్నుకున్నారు. చుట్ట నోట్లో ఉన్న షాట్లు వచ్చేసరికి మాత్రం అందరికీ ప్రాణం లేచివచ్చింది. పెదాలు కదలవు కాబట్టి ఏ మాటైనా సరిపోతుందట. అంత శ్రద్ధగా వాళ్ళు ఏ పనీ చెయ్యగా నేను చూడలేదు. చూస్తుంటే ముద్దొచ్చింది కూడా.

ప్రిన్సిపాల్ గారు వచ్చి చూసి ఒక్కటే చెప్పారు, చుట్ట తాగుతోంది కాబట్టి తెర మూల పొగతాగడం ఆరోగ్యానికి హానికరం అన్న అక్షరాలు వెయ్యమని. వేశాం. ఏడు నిమిషాల్లో నాలుగు నిమిషాల పాటు ఆ అక్షరాలు ఉంటాయి. చూసేవాళ్ళ కోసం వేశాం. తాగే మనిషికి మాలో ఎవరమూ ఆ మాట చెప్పలేదు. ఆవిడకు చదువు రాదు.

డబ్బింగ్ పూర్తయిన రోజు నేను అదే గదిలో కూర్చుని తొమ్మిదో తరగతి ఇంగ్లిష్ పేపర్లు దిద్దుతున్నాను. కంప్యూటరులో చోటు లేదు, కొన్ని షాట్లు మళ్ళీ తీసుకోవాల్సిన ఇద్దరు కెమెరా కార్డు కోసం తలుపు దగ్గర నిలబడ్డారు. ఆ అమ్మాయి తల తిప్పి అడిగింది.

"మేడం, పైలట్ తీసెయ్యనా? దాంతో ఇంక పన్లేదు కదా."

అమ్మమ్మ మాటలున్న ఫైళ్ళన్నిటికీ అది పైలట్ అని పేరు పెట్టుకుంది. నేను నేర్పిన మాటే. నేను తలెత్తకుండా, ఊఁ తీసెయ్ అన్నాను. అమ్మమ్మ గొంతు తీసెయ్యనా అని అడిగి ఉంటే తలెత్తి ఉండేదాన్ని. పైలట్ అనడం వల్ల అది ఆవిడ గొంతని నా బుర్రకు తట్టనే లేదు. కార్డు కూడా ఖాళీ చేసి ఇచ్చేశారు.

తల్లిదండ్రుల కోసం వేసిన రోజు అమ్మమ్మ వచ్చింది. నూనె రాసి దువ్విన జుట్టు, కొత్త చీర. ముందు వరసలో కూర్చోబెట్టాం. తన మొహంలోంచి గంట లాంటి గొంతు రాగానే ఆవిడ ఉలిక్కిపడి మనవరాలి వైపు చూసింది. తరవాత ఏడు నిమిషాలూ నోరు తెరిచి చూసింది. అయిపోయాక గొంతిచ్చిన అమ్మాయి ఎవరని అడిగి, దగ్గరికి రప్పించుకుని గడ్డం పట్టుకుని, సల్లగుండమ్మా, నన్ను దొరసాన్ని సేసేసినావు అంది. అందరూ చప్పట్లు కొట్టారు. మనవరాలు నావైపు చూసింది, చూశారా మేడం అన్నట్టు. నాదే తప్పేమో అనుకున్నాను. వెళ్ళేముందు మాత్రం ఆవిడ నన్ను పక్కకు పిలిచి, ఏదో బరువు దింపినచోటు మరిచిపోయినట్టు అడిగింది.

"మరి నాను సెప్పిందేటయిపోనాదమ్మా?"

ఉంటుందమ్మా, కంప్యూటర్లో ఉంటుంది అన్నాను. ఆ నిమిషాన నిజంగానే గుర్తులేదు నాకు.

సినిమాకు మంచి మార్కులు వచ్చాయి. మాటల స్పష్టత బాగుందని పరీక్షకులు ప్రత్యేకంగా రాశారు.

వేసవి సెలవులయ్యాక ఆ అమ్మాయి పన్నెండో తరగతికి వచ్చింది. వచ్చిన మొదటి రోజే స్టాఫ్ రూము బయట నిలబడి ఉంది. అమ్మమ్మకు అంగిట్లో పుండు లేచిందట, చాన్నాళ్ళ నుంచి ఉన్నా చెప్పలేదట. అన్నం మింగలేకపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళారు, కేన్సరని చూసిన వారంలోపే ఆపరేషన్ చేసేశారు. అంగిలి చాలావరకు తీసేశారు. మనిషి బతికింది. మాట మాత్రం ఇంక ఇంతేనన్నారట. ఇదంతా చెబుతూ ఏడవలేదు. చివర్లో మామూలుగా, మేడం, పైలట్ కావాలి అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఇద్దరం కలిసే గుర్తుచేసుకున్నాం. కంప్యూటరంతా వెతికాం, లేదని తెలిసీ వెతికాం. మీరే తీసెయ్యమన్నారు అని ఆ పిల్ల ఒక్కసారైనా అంటుందేమోనని చూశాను. అనలేదు. అని ఉంటే బాగుండేది, నాకు ఏదో ఒక జవాబు చెప్పుకునే అవకాశం ఉండేది. వన్ టౌన్‌లో పాత పోస్టాఫీసు దగ్గర డిస్కులు బాగుచేసే ముస్లిం పెద్దాయన ఒకరున్నారంటే ప్రిన్సిపాల్‌ని బతిమాలి డిస్కు విప్పించి పట్టుకెళ్ళాను. రెండు రోజులు ఉంచుకున్నారు. చెరిపినదాన్ని చెరిపినట్టే వదిలేసి ఉంటే ఏమైనా వచ్చేదమ్మా, దాని మీద వేరేది రాసేశారు అని మెల్లగా చెప్పారు. రాసింది వార్షికోత్సవం డాన్సులు.

ఇంట్లో ఫోన్లలో ఏమీ లేదా అని అడిగాను. ఫోటోలే ఉన్నాయంది. రోజూ పక్కనుండే మనిషి గొంతు ఎవరు దాచుకుంటారు? మేనమామ పెళ్ళి వీడియో ఒకటి దొరికింది. అందులో అమ్మమ్మ మూడుచోట్ల కనపడుతుంది, ఒకచోట చెయ్యి తిప్పుతూ ఎవర్నో గట్టిగా ఏదో అంటోంది. పెళ్ళి వీడియోవాడు మొదటి నుంచి చివరిదాకా సినిమా పాటలు అంటించేశాడు. ఆ పిల్ల ఆ ముక్కను నా ముందు నాలుగుసార్లు వేసింది. నాలుగుసార్లూ పాటే వినపడింది.

చెప్పకుండా ఉండలేక ఒక శనివారం మధ్యాహ్నం జాలరిపేట వెళ్ళాను. ఏమీ చేతకానప్పుడు కనీసం క్షమాపణ చెప్పుకోవాలని బుద్ధి పుడుతుంది కదా, అదీ నా ఊరటకే. అమ్మమ్మ గుమ్మంలో వల పక్కన కూర్చుని ఉంది. సన్నబడిపోయింది. నన్ను చూసి ఏదో అంది. ముక్కులోంచి గాలి వచ్చిందే గానీ అందులో మాట నాకు దొరకలేదు. మనవరాలు వెంటనే అందుకుని, కూకో టీచరమ్మా, ఎండలో వచ్చినావు అంటంది మేడం అని చెప్పింది. అమ్మమ్మ మళ్ళీ ఏదో అంది. నానిప్పుడు ఈదుల్లోకెల్లడం మానేసినాను, సేపలకి కేకెట్టలేను కదా అంటంది, అని మనవరాలు చెప్పింది. ఇస్త్రీ మడతలన్నీ పోయాయి. ఒక్క అక్షరం మార్చకుండా అమ్మమ్మ మాటను అమ్మమ్మ మాటలాగే చెబుతోంది.

నేను చెప్పాను. అమ్మా, నీ మాటలు కంప్యూటర్లో ఉన్నాయని చెప్పాను గానీ లేవు, నేనే తీసెయ్యమన్నాను, నీ మనవరాలి తప్పు లేదు అని. అది చెప్పడానికి బస్సులో కూర్చుని కూడబలుక్కున్న మంచి మాటలేవీ రాలేదు.

అమ్మమ్మ నన్నే చూస్తూ వింది. తరవాత మాట్లాడింది. చిన్న మాట కాదు. చాలాసేపు మాట్లాడింది, చెయ్యి ఒకసారి సముద్రం వైపు చూపించింది, ఒకసారి నా మోకాలి మీద వేసింది. తిట్టిందో, పోనీలే అందో, ఇంకేమైనా అడిగిందో. నేను మనవరాలి వైపు తిరిగాను. ఆ పిల్ల అమ్మమ్మ నోటినే చూస్తూ ఉంది, పెదాలు కొంచెం కదుపుతూ ఉంది, ఇంకా చెప్పడం మొదలుపెట్టలేదు.

ఏమంటోందమ్మా, అని అడిగాను.

"నాకూ తెలీలేదు మేడం."

ఆవిడ అది వింది. ఇంకోసారి చెప్పబోయి, మా ఇద్దరి మొహాలూ చూసి, మానేసింది.